పాత ఫొటోలోని అమెరికన్ కారు ఏ సంవత్సరం మోడలో తేల్చడం ఎలా

1965లో అమెరికా వలస చట్టం మారిన తర్వాత అక్కడికి వెళ్లిన తొలి తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్ల ఆల్బమ్‌లలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మొదటి కారు పక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి ఉంటుంది. అది షెవర్లే కంపెనీ ఇంపాలా అని ఆ కారు కొన్నాయనకు బాగా గుర్తు ఉంటుంది గానీ, అరవై అయిదా అరవై ఆరా అన్న దగ్గర మాట తడబడుతుంది. ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. అమెరికన్ కంపెనీలు కొత్త మోడళ్లను అంతకు ముందు ఏడాది శరదృతువులోనే అమ్మకానికి పెట్టేవి కాబట్టి, 1965 అక్టోబరులో షోరూమ్‌లో నిలబడ్డ కారు కాగితాల ప్రకారం 1966 మోడల్. అందువల్ల "ఎప్పుడు కొన్నారు" అన్న ప్రశ్నతో సంవత్సరం తేల్చే ప్రయత్నం చేయకుండా, ఆధారాల కోసం ముందు ఫొటోనే పరీక్షించాలి.

ఫొటోను మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేయించి, స్టీరింగ్ ఎడమవైపే ఉందో లేదో చూడండి. కుడివైపు కనిపిస్తే నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు తీశారన్నమాట. అప్పటి ప్రింట్ల తెల్ల అంచు మీద నెల, సంవత్సరం అచ్చయి ఉండటం మామూలే. అయితే అది ప్రింటు తీసిన తేదీయే తప్ప ఫొటో తీసిన తేదీ కాదు, కారు తయారైన తేదీ అంతకన్నా కాదు. నంబర్ ప్లేటు చదవగలిగితే రాష్ట్రం తెలుస్తుంది; చాలా రాష్ట్రాల ప్లేట్ల మీద సంవత్సరం కూడా ఉండేది.

తర్వాత ప్రభుత్వ నిబంధనల వల్ల బండి మీదికి వచ్చిన మార్పులను వెతకాలి. కంపెనీ ఏదైనా ఇవి వర్తిస్తాయి గనుక మొదటి వడపోతకు ఇంతకంటే మంచి సాధనం లేదు. ముందు ఫెండర్ (చక్రం మీది రేకు భాగం) పక్కన, వెనుక చక్రం దాటిన తర్వాత చిన్న దీపాలో రిఫ్లెక్టర్లో ఉంటే ఆ కారు 1968 మోడల్ గానీ ఆ తర్వాతది గానీ అవుతుంది. గంటకు అయిదు మైళ్ల వేగంతో గుద్దుకున్నా తట్టుకోవాలన్న నిబంధన వల్ల 1973 నుంచి కార్లకు ముందు బంపరు మోటుగా ముందుకు పొడుచుకొచ్చింది, మరుసటి ఏడాది వెనుక బంపరుకూ అదే గతి పట్టింది. అందం విషయంలో అమెరికన్ కారుకు అక్కడి నుంచే దిగజారుడు మొదలైందని నా అభిప్రాయం. హెడ్‌లైట్లు గుండ్రంగా కాక దీర్ఘచతురస్రంగా ఉంటే 1975కు ముందు బండి కాదు.

ఇక ఇంపాలా సంగతికి వస్తే, ముందు భాగం కన్నా వెనుక భాగం ఎక్కువ చెబుతుంది. 1965 ఇంపాలాకు వెనుక ఒక్కో పక్క మూడేసి గుండ్రని దీపాలు ఉంటాయి, అదే ఏడాది చవక రకాలైన బెల్ ఎయిర్, బిస్కేన్‌లకు రెండేసి మాత్రమే. 1966లో ఆ గుండ్రని దీపాలు పోయి అడ్డంగా సాగిన దీర్ఘచతురస్రాకారపు దీపాలు వచ్చాయి. పైకప్పు వెనుక సామాను చోటు దాకా సాగే వ్యాగన్ రకం కాకపోతే, వెనుక నుంచి తీసిన ఒక్క ఫొటో ఈ వివాదాన్ని అక్కడితో ముగించేస్తుంది. 1959 షెవర్లే అయితే పిల్లికన్ను ఆకారపు దీపాలు, వాటి మీద అడ్డంగా పరచుకున్న రెక్కలు చూడగానే తెలిసిపోతాయి. ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ విషయంలో మాత్రం ముందు గ్రిల్‌నే చూడాలి: 1965లో తేనెపట్టు లాంటి జాలీ మధ్య గుర్రం నుంచి రెండు పక్కలకు కడ్డీలు సాగుతాయి, 1966లో జాలీ పోయి సన్నని అడ్డగీతలు వచ్చాయి, మామూలు రకాలకు గుర్రం పక్కన కడ్డీలు లేవు. షెవర్లే పికప్‌లలో 1967, 1968 మోడళ్లు దాదాపు కవలలే గానీ, పక్క దీపాలు రెండోదానికే ఉంటాయి.

ఫొటోలో ఆధారం దొరకనప్పుడు మనిషిని అడగక తప్పదు. ఇంజిన్ ఎంత, హార్స్‌పవర్ ఎంత అని అడిగితే గొప్పలు వినిపిస్తాయి. పైగా 1971 వరకు కంపెనీలు ఇంజిన్‌ను విడిగా పరీక్షించి వచ్చిన అంకె ప్రకటించేవి, 1972 నుంచి అన్ని అనుబంధాలూ బిగించి కొలిచిన అంకె ఇచ్చాయి. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ మామూలు ఇంజిన్ 1971లో 270 హార్స్‌పవర్, 1972లో 200 అనడానికి ప్రధాన కారణం ఈ కొలతే. కాబట్టి చేతులు, కాళ్లు ఏం చేసేవో అడగండి. గేరు మార్చడానికి స్టీరింగుకు ఎడమ పక్కన బటన్లు నొక్కేవాడినని చెబితే అది బహుశా క్రైస్లర్ కుటుంబపు బండి, అంటే డాడ్జో ప్లిమత్తో కావచ్చు, మోడల్ 1964 దాటదు. పికప్ నడుపుతుంటే వీపు వెనుక పెట్రోలు గలగలలాడేదని అంటే నమ్మవచ్చు: 1972 వరకు షెవర్లే పికప్‌లలో ట్యాంకు క్యాబిన్ లోపల సీటు వెనకాలే ఉండేది. హెడ్‌లైట్ డిమ్ చేయడానికి ఎడమ కాలితో నేల మీది బటన్ తొక్కేవాళ్లమన్నది కూడా నిజమే గానీ, దశాబ్దాల పాటు ఉన్న ఏర్పాటు కనుక అది సంవత్సరాన్ని తేల్చదు. కొన్నప్పుడు నలభై వేల మైళ్లే తిరిగిందన్న మాటను కూడా లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే మైళ్ల మీటర్లలో అయిదు అంకెలే ఉండి, లక్ష దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేవి.

ఇవన్నీ ఊహకు బలమిచ్చేవే. రుజువు మాత్రం ఛాసిస్ నంబరే. పాత టైటిల్ కాగితం (బండి యాజమాన్య పత్రం), బీమా రసీదు లేదా బ్యాంకు అప్పు పత్రం ఇంట్లో ఉంటే అందులో ఆ నంబరు ఉండవచ్చు. 1965 నుంచి 1971 వరకు షెవర్లే కార్ల నంబరులో మూడో అంకె బేసి అయితే ఆరు సిలిండర్ల ఇంజిన్, సరి అయితే వీ-8, అంటే ఎనిమిది సిలిండర్లది. ఆరో అంకె మోడల్ సంవత్సరపు చివరి అంకె. ఆ లెక్కన 16437 తర్వాత 6 ఉంటే అది 1966 ఇంపాలా వీ-8, రెండు తలుపుల హార్డ్‌టాప్ (పక్క కిటికీల మధ్య స్తంభం లేని రకం). తొలి మస్టాంగ్‌ల నంబరులో సంవత్సరం మొదటి అంకెలోనే ఉంటుంది, రెండోది ఫ్యాక్టరీ అక్షరం: డియర్‌బోర్న్‌కు ఎఫ్, శాన్ హొసేకు ఆర్, మెటూచెన్‌కు టి. తర్వాతి 07 హార్డ్‌టాప్‌ను, 08 పైకప్పు మడిచే కన్వర్టిబుల్‌ను, 09 పైకప్పు వెనుక దాకా వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్‌ను సూచిస్తాయి. పదిహేడు అక్షరాల నంబరు కనిపిస్తే ఆ కాగితం 1981కి ముందు మోడల్‌ది కాదు.

నంబరు దొరికాక ఆ బండి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కనుక్కోవాలనిపించడం సహజం. అయితే 1994 నాటి ఫెడరల్ గోప్యతా చట్టం ప్రకారం రాష్ట్ర వాహన శాఖలు ప్రస్తుత యజమాని వివరాలను అడిగినవారందరికీ ఇవ్వవు కనుక, ఆ మోడల్ యజమానుల సంఘానికి నంబరు పంపి విచారించడమే తేలిక దారి. దానికన్నా ముందు ఇంట్లోని పాత ట్రంకు పెట్టె ఒకసారి వెతకండి. షెవర్లే కంపెనీ 1965 నుంచి 1972 వరకు ఇచ్చిన వారంటీ పుస్తకంలో అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చొత్తిన చిన్న లోహపు రేకు ఉండేది. అది ఇంకా ఉంటే ఛాసిస్ నంబరును దాని మీదే చదువుకోవచ్చు.