మళ్లీ వేవ్ వచ్చేలోపు: ఐసీయూ స్టాఫ్ జాగ్రత్తలు

మహమ్మారి అనగానే పైవాళ్లు ముందు అడిగేది బెడ్లెన్ని, వెంటిలేటర్లెన్ని అని. కోవిడ్ వేవ్‌లలో నేను ఐసీయూలో నర్సుగా పనిచేశాను. వెంటిలేటర్ ఖాళీగా ఉండి, దాన్ని చూసుకునే మనిషి దొరకని రాత్రులు నాకు గుర్తున్నాయి. అందుకే ముందుగా రాసుకోవాల్సింది మనుషుల లిస్టు అంటాను. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు మెషీన్లు చాలలేదు. సుమారు 1,500 మంది మెడికల్ స్టూడెంట్లు వంతులవారీగా కూర్చుని, రబ్బరు బ్యాగు చేత్తో నొక్కుతూ పేషెంట్లకు ఊపిరి అందించారు. ఈనాటి ఐసీయూ మొదలైంది అక్కడే.

వేరే వార్డుల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చేవాళ్ల పేర్లు ఇప్పుడే ఖరారు చేసుకోండి. వాళ్లను మొదటి రోజే ఒంటరిగా వెంటిలేటర్ దగ్గర నిలబెట్టొద్దు. అనుభవమున్న సిస్టర్‌కు ఒక్కో కొత్త మనిషిని జత చేయండి. నోట్స్ రాయడం, మందులు సిద్ధం చేయడం, పేషెంట్‌ను తిప్పేటప్పుడు చెయ్యి వేయడం వాళ్లకు అప్పగించండి. అలారం మోగితే ముందు పేషెంట్ ఛాతీ కదులుతోందా అని చూడాలి, ఆ తర్వాతే స్క్రీన్. ఈ ఒక్క అలవాటైనా ముందే నేర్పండి. పీపీఈ కిట్ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి గౌను మీద మార్కర్‌తో పేరు, పని పెద్దక్షరాలతో రాయండి.

ఎన్95 మాస్క్ మీ ముఖానికి ఏ సైజు, ఏ మోడల్ సరిపోతుందో ఫిట్ టెస్ట్ చేయించుకుని తెలుసుకోండి. గడ్డం ఉంటే మాస్క్ అంచు ముఖానికి అతుక్కోదు. ముక్కు మీద పుండు పడకుండా ప్లాస్టర్ అంటిస్తే, గాలి పక్కల నుంచి పోతోందేమో మళ్లీ చూసుకోవాలి. కిట్ వేసుకునే ముందు నీళ్లు తాగండి, బాత్రూమ్‌కు వెళ్లి రండి. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను చూశాను.

అసలు ప్రమాదం కిట్ విప్పేటప్పుడే. ఒకసారి ఆరు గంటల డ్యూటీ ముగించుకుని మా సిస్టర్ ఒకామె బయటికొచ్చింది. గాగుల్స్ లోపలంతా ఆవిరి, చెంప మీద చెమట ధార. తనకు తెలియకుండానే గ్లవ్‌తో ఉన్న చెయ్యి కంటి దాకా పోయింది. నేను గట్టిగా "ఆగమ్మా!" అని అరిస్తే, చెయ్యి అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ రోజు నుంచి మేము ఒంటరిగా కిట్ విప్పడం మానేశాం. ఎదురుగా నిలబడి ఒకరు చదువుతారు, విప్పేవాళ్లు చేస్తారు: గ్లవ్స్, గౌను, చేతులు కడుక్కోవడం, వెనక నుంచి పట్టుకుని గాగుల్స్, బయటికి వచ్చాకే మాస్క్. మాస్క్‌కు కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత, ముందు భాగం ముట్టుకోకుండా. చివర్లో మళ్లీ చేతులు. ఎంత తొందరున్నా ఈ వరుస తప్పొద్దు.

చికిత్స సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ అందని స్థితి) పేషెంట్‌కు వెంటిలేటర్ ఇచ్చే శ్వాస పరిమాణాన్ని కిలోకు సుమారు 6 మిల్లీలీటర్లుగా లెక్కిస్తారు. ఆ కిలోలు ఎత్తును బట్టి వచ్చేవి, తూకం వేసినవి కావు. కాబట్టి అడ్మిషన్‌లోనే టేపుతో ఎత్తు కొలిచి చార్ట్ మీద రాయండి. పరిస్థితి తీవ్రంగా ఉన్నవాళ్లను రోజుకు 16 గంటలైనా బోర్లా ఉంచాలి. తిప్పడానికి కనీసం ఐదుగురు కావాలి. తల దగ్గర ట్యూబ్ పట్టుకున్నవాళ్లే లెక్కపెట్టాలి, మిగతావాళ్లు ఆ మాటకే కదలాలి. పేషెంట్ కళ్లు మూసి ఉన్నాయో లేదో చూడండి. మీ నడుము కూడా చూసుకోండి, బెడ్ ఎత్తు సరిచేయకుండా వంగొద్దు.

ఆక్సిజన్ విషయంలో ఇంజినీర్‌ను ముందే పిలిచి కూర్చోబెట్టండి. ముక్కు ద్వారా వేగంగా ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో మెషీన్ ఒక్కటే నిమిషానికి 60 లీటర్ల దాకా లాగగలదు. పది పెడితే పైప్‌లైన్ ఒత్తిడి నిలుస్తుందా అన్నది వేవ్ మధ్యలో తెలుసుకునే విషయం కాదు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గదిలో చిన్న నిప్పురవ్వ చాలు. తెగిన వైర్లు, వదులైన ప్లగ్గులు ఈ వారమే మార్పించండి.

నిద్ర గురించి ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. వరసగా 17 గంటలు మేలుకుని ఉంటే, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నంతగా మెదడు మందగిస్తుందని 1997లోనే పరిశోధనలో తేలింది. అలాంటి స్థితిలో సిరలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూషన్ పంపు రేటు మార్చేటప్పుడు రెండో మనిషి చూడాల్సిందే. నైట్ డ్యూటీ అయిన వెంటనే బండి నడపొద్దు. ఇరవై నిమిషాలు పడుకుని బయల్దేరండి, లేదా ఎవరినైనా దింపమనండి.

మనసు సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. రోగి చెవి దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఫోన్ పెట్టి, అవతల కూతురు ఏడుస్తూ మాట్లాడుతుంటే మనం పట్టుకుని నిలబడతాం. ఫోన్ కట్టవగానే పక్క బెడ్ అలారం మోగుతుంది. ఆ సిస్టర్‌ను ఆ అలారం దగ్గరికి పంపకండి. ఎవరైనా ఆ బెడ్ చూసుకుని, ఆమెను పది నిమిషాలు బయట కూర్చోనివ్వండి. ఇంటివాళ్లకు కబురు చెప్పే పని షిఫ్ట్‌కు ఒకరికే, ఒక నిర్ణీత సమయంలో ఉండాలి. బెడ్ ఎవరికివ్వాలనే నిర్ణయం బెడ్ పక్కనున్న ఒక్క డాక్టర్ మీదో, సిస్టర్ మీదో పడకూడదు. దానికో కమిటీ, రాసిపెట్టిన నియమాలు ఇప్పుడే ఉండాలి. అలా లేకపోతే ఆ బరువు ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

మరణం జరిగిన వెంటనే అందరినీ బలవంతంగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం మంచిది కాదు. దానివల్ల తర్వాతి మానసిక గాయం తగ్గదని పరిశోధనలే చెప్పాయి. దానికి బదులు ప్రతివారికీ ఒక జోడీని పెట్టండి. "నిద్ర పడుతోందా, తిన్నావా" అని రోజూ అడిగే మనిషి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, వార్డు తలుపు దగ్గరే గుండె దడ వచ్చినా, మత్తు మీద ఆధారపడుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చావాలనిపిస్తే మాత్రం అదే రోజు, ఒంటరిగా వదలకుండా, తోడుగా ఒకరు తీసుకెళ్లాలి. ఆ విషయం సర్వీస్ ఫైల్‌లోకి ఎక్కదని పైవాళ్లు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

ఇంకొకటి. వేవ్ తగ్గాక ఎవరెవరు ఏ వారం సెలవు తీసుకుంటారో ఇప్పుడే రోస్టర్‌లో పేర్లతో రాయించండి. అప్పుడు అడుగుదాంలే అనుకుంటే, ఆగిపోయిన ఆపరేషన్లన్నీ ఒక్కసారిగా మొదలై ఎవరికీ సెలవు దొరకదు.