ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడం ఎలా? చెమ్మ సంగతి తేలేదాకా పెయింట్ డబ్బా తెరవొద్దు

ఇల్లు అమ్మాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని షేడ్ కార్డు ముందేసుకుని కూర్చోవడం. రంగు వేయించి, కొత్త కర్టెన్లు కట్టి, టీపాయ్ మీద పూలకుండీ పెట్టేస్తే ఇల్లు రెడీ అనుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు పూలకుండీ వైపు చూడరు. కిటికీ కింద మూలను చూస్తారు, అల్మరా తెరుస్తారు, ఫ్లష్ నొక్కుతారు. కాబట్టి పని ఈ వరసలోనే చేయండి.

కావలసినవి పెద్దగా ఏం లేవు. అట్టపెట్టెలు, స్క్రూడ్రైవర్, గట్టి బ్రష్, టేపు, రెండడుగుల ప్లాస్టిక్ షీటు, పెన్సిల్. మిగతావి అవసరాన్ని బట్టి తెచ్చుకోవచ్చు.

1. సామాను తగ్గించండి

ఏడాదిగా ముట్టుకోనివన్నీ ఇంట్లోంచి వెళ్లిపోవాలి. వెళ్లిపోవడమంటే అటక మీదికో, వెనక గదిలోకో కాదు, నిజంగానే గడప దాటాలి. ఆ వెనక గది కూడా మీరు అమ్ముతున్నదే కదా! ప్రతి అరలో మూడో వంతు ఖాళీ కనిపించాలి. కిక్కిరిసిన అల్మరా తెరిస్తే ఈ ఇంట్లో చోటు చాలదని వాళ్లకు వెంటనే అనిపిస్తుంది. కుటుంబ ఫోటోలు, షీల్డులు, ఫ్రిజ్ మీది స్టిక్కర్లు తీసేయండి. ప్లాస్టిక్ పూలు ఇంకెక్కడైనా పెట్టుకోండి, అమ్మే ఇంట్లో మాత్రం వద్దు.

2. చిల్లర రిపేర్లు

కారే కుళాయి, పడని గడియ, కిర్రుమనే తలుపు, వదులైన స్విచ్ బోర్డు. ఒక్క పూట పని. ఇంత చిన్నవే పట్టించుకోనివాడు పైపుల సంగతి ఏం చూసుకుంటాడని వచ్చినవాళ్లకు సందేహం రావడానికి కారే కుళాయి ఒక్కటి చాలు.

3. చెమ్మ

అసలు పని ఇదే. తొందరపడితే మిగతా ఖర్చంతా వృథా.

ముందు మరక ఎక్కడుందో చూడండి. సీలింగ్ మీద అంచు ముదురుగా ఉన్న గోధుమరంగు వలయం కనిపిస్తే నీళ్లు పైనుంచి దిగుతున్నట్టు. గోడ అడుగున నేల నుంచి మోకాలెత్తు దాకా పట్టీలా రంగు ఉబ్బితే పునాది నుంచి పైకి పాకుతూ ఉండొచ్చు. బాత్రూమ్ అవతలి గోడ మీద పొరలు లేస్తుంటే పైపు జాయింటునో, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్‌నో అనుమానించాలి. బీరువా వెనక గాలాడని మూలలో నల్ల చుక్కలుంటే లీకేజీ లేకపోవచ్చు, గదిలోని తేమే చల్లటి గోడకు పట్టి బూజవుతుంది.

కంటితో చూసి తేల్చేయకండి. మరక పక్కనే గట్టిగా ఉన్న చోట ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తీసేటప్పుడు గోడ వైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచే వస్తోంది. గది వైపు చుక్కలుంటే తేమ గదిలోది, కిటికీలు తెరిచి గాలి ఆడేలా చేయాలి. దీంతోపాటు మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. వారం తర్వాత మరక ఆ గీత దాటిందంటే లీకు ఇంకా నడుస్తోంది. బాత్రూమ్ మీద అనుమానమైతే దాన్ని కొన్నాళ్లు వాడకుండా చూడండి, తేడా తెలిసిపోతుంది.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిశాక అక్కడే ఆపాలి. పైకప్పు మీద నీళ్లు నిలుస్తుంటే వాలు సరిచేయాలి, బయటి గోడలో పగులుంటే బయటినుంచే మూయాలి. లోపలినుంచి వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టేస్తే చాలని చెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వినకండి. నీటి దారి మూయకుండా పైన మూతేస్తే లోపలి తడి ఆ పొరనే నెట్టేస్తుంది, లేదంటే పక్కకు పాకి కొత్త చోట తేలుతుంది. మరక ముందు బీరువా జరిపి పెట్టడం ఇంకో తెలివి. గది మొత్తంలో ఆ బీరువా ఒక్కటే అడ్డంగా ఉంటే, కొనేవాళ్లు ముందు దాని వెనకే తొంగి చూస్తారు.

లీకు ఆగిన మర్నాడే పుట్టీ పెట్టకండి. గోడ ఆరడానికి వారాలు పడుతుంది, మందపాటి గోడకు నెలలూ పట్టొచ్చు. ఆరేకొద్దీ తెల్లటి పొడి బయటికొస్తుంది. అది గోడలోని ఉప్పు. పొడి బ్రష్‌తోనే దులిపి, ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. మళ్లీ వస్తే మళ్లీ దులపండి, రావడం ఆగేదాకా అంతే. డొల్లగా మోగే ప్లాస్టరింగ్ కొట్టేసి కొత్తది వేయించండి. సిమెంట్ ప్లాస్టరింగ్ మీద రంగు వేయడానికి కనీసం నాలుగు వారాలు ఆగాలి. పచ్చి సిమెంట్‌లోని క్షారం రంగును తినేస్తుంది. తర్వాత పాత మరక మీద మరకను ఆపే ప్రైమర్ ఒక కోటు వేయాలి. మామూలు ఎమల్షన్ నేరుగా వేస్తే అందులోని నీటికి మరక కరిగి, ఎన్ని కోట్లేసినా గోధుమరంగు పైకి వస్తుంది.

ఈ పని బిల్లు దాచి, కొనేవాళ్లకు మీరే చూపించండి. ఇక్కడ లీకు ఉండేది, ఇలా బాగు చేయించాం అని చెప్పేస్తే బేరంలో టెన్షన్ ఉండదు. తెలిసిన లోపం దాచి అమ్మితే చాలా దేశాల్లో తర్వాత కోర్టు దాకా వెళ్తుంది.

4. రంగు

లేత మీగడ రంగు. ఇంకో మాట లేదు. మరక ఉన్నంత మేర ముక్క పూయొద్దు, పాత రంగు పక్కన కొత్తది అతుకేసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేయాలి. ఇల్లంతా వేయించే స్తోమత లేకపోతే హాలు ఒక్కటి చాలు.

5. వెలుతురు, ఫర్నిచర్

ఒకే గదిలో ఒక బల్బు పసుపు, ఇంకోటి నీలం తెలుపు ఉండకూడదు. హాలు, పడగ్గదుల్లో అన్నీ 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, బల్బు పెట్టె మీద ఉంటుంది) మధ్య ఉంటే బాగుంటుంది. కిటికీ అద్దాలు రెండు వైపులా తుడవండి. గుమ్మం నుంచి కిటికీ దాకా దేనికీ తగలకుండా నడిచి వెళ్లే దారి ఉండాలి, రెండున్నర అడుగులకు తగ్గకూడదు. సోఫాను గోడకు అంటించకుండా ఒక జానెడు ముందుకు లాగండి. దీనికోసం ఫర్నిచర్ అద్దెకు తేవడం నాకు నచ్చదు. ఉన్నవాటిలో సగం తీసేస్తే అంతకన్నా బాగుంటుంది.

6. వాసన

మీ ఇంటి వాసన మీకు తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. బయటివాళ్లనెవరినైనా పిలిచి అడగండి. వాడని బాత్రూమ్‌లో మురుగు వాసన వస్తుంటే క్లీనర్లు పోసే ముందు ఒక మగ్గు నీళ్లు పోయండి. డ్రెయిన్ కింద వంపులో నిలిచే నీరే మురుగు గాలిని ఆపుతుంది. అది ఎండిపోతే గాలి నేరుగా పైకి వస్తుంది. పైన ఒక చెంచా నూనె వేస్తే ఆ నీరు త్వరగా ఆవిరవదు. రూమ్ ఫ్రెషనర్ గుప్పుమనిపించకండి, ఏదో దాస్తున్నారనుకుంటారు.

7. ఫోటోలు, చూడ్డానికి వచ్చే రోజు

పగలు లైట్లన్నీ వేసి, ఫోన్ అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని గది మూల నుంచి తీయండి. టాయిలెట్ మూత వేసి ఉండాలి. వైడ్ యాంగిల్‌లో గదిని హాలంత చేసి చూపిస్తే, వచ్చి చూసినవాళ్లకు గుమ్మంలోనే ఆశ చస్తుంది.

వాళ్లు వచ్చే అరగంట ముందు కిటికీలు తెరవండి, టీవీ ఆపండి, పెంపుడు కుక్కను ఎవరింట్లోనైనా వదలండి. గదులు తిప్పి చూపించేటప్పుడు ఇది వంటిల్లు, ఇది పడగ్గది అని చెప్పక్కర్లేదు, వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. బిల్లులు, కాగితాలు ఒక ఫైల్లో టేబుల్ మీద పెట్టి, మీరు కాసేపు బయట నిలబడండి. మీరు వెంటే ఉంటే వాళ్లు అల్మరా తెరవడానికి మొహమాటపడతారు.