గస్తీ బోటులో కరెంటు మొరాయిస్తే: లారీ వైరింగ్ తెలిసినవాళ్ళ కోసం

విజయవాడ ఆటోనగర్‌లో 24 వోల్టుల వైరింగ్ రాని ఎలక్ట్రీషియన్ ఉండడు. చిన్న గస్తీ బోట్లలో కూడా ఎక్కువగా ఉండేది అదే: రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, ఇంజన్‌కు ఒక ఆల్టర్నేటర్. అందుకే బోటు పని చేతికొస్తే మనవాళ్ళు ధైర్యంగా దిగుతారు. చిక్కంతా ఒక్క చోటే. లారీలో నెగటివ్‌కు ఛాసిస్సే తీగ. అల్యూమినియం, ఇనుప బోట్లలో అలా చేస్తే లీకయ్యే కరెంటు నీళ్ళలో ఉన్న లోహాన్ని తినేస్తుంది. కాబట్టి పాజిటివ్, నెగటివ్ రెండూ తీగల్లోనే వెళ్ళి తీగల్లోనే తిరిగొస్తాయి. బాడీకి ఏదీ తగలకూడదు. ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట తగిలించేది) ఉన్న ఫైబర్ బోట్లలో మాత్రం ఇంజన్ బ్లాకు నెగటివ్‌కు కలిసే ఉంటుంది. అందుకే ముందు డ్రాయింగ్ అడగండి, తర్వాతే స్పానర్ తీయండి.

ప్యానెల్ మీద ఎర్త్ దీపాల్లో ఒకటి ఆరిపోయింది, రెండోది బాగా వెలుగుతోంది

ఈ రెండు దీపాలు పాజిటివ్, నెగటివ్‌ల మధ్య సిరీస్‌లో ఉంటాయి. మధ్య బిందువు బోటు బాడీకి కలిపి ఉంటుంది. అంతా బాగుంటే రెండూ సమానంగా, మందంగా వెలుగుతాయి. ఏ వైపు దీపం ఆరితే ఆ వైపు తీగ బాడీకి తగిలిందన్నమాట. ఆరిన దీపాన్ని చూసి బల్బు మార్చేవాళ్ళు ఉన్నారు, రెండోది ఎందుకంత వెలుగుతోందో ఆలోచించరు.

బోటు అప్పటికి మామూలుగానే నడుస్తుంది. ఫ్యూజు పోదు, ఏదీ ఆగదు. ప్రమాదం అక్కడే ఉంది. ఇంకో తీగ ఎదుటి వైపు నుంచి బాడీకి తగిలిన రోజున నేరుగా షార్టే.

వెతకడానికి సర్క్యూట్లను ఒక్కొక్కటిగా ఆపుతూ దీపాలను చూడండి. ఏది ఆపినప్పుడు రెండూ సమానమైతే తప్పు ఆ సర్క్యూట్‌లో ఉంది. రెండు తీగలనూ తెంపే స్విచ్ కావాలి. పాజిటివ్ ఒక్కటే తెంపే స్విచ్ అయితే నెగటివ్ వైపు తప్పు దొరకదు, ఆ తీగను చేత్తో విప్పాల్సిందే. మాస్ట్ (బోటు మీది నిలువు స్తంభం) మీది దీపాల కనెక్టర్లు, డెక్ మీది సాకెట్లు, హారన్, సెర్చ్‌లైట్ మెడ దగ్గర నలిగే తీగ ముందు చూడాల్సినవి. 500 వోల్టుల మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాలనుకుంటే రాడార్, జీపీఎస్, రేడియోలను పూర్తిగా విప్పాకే పెట్టండి.

ఇటీవల ఆల్టర్నేటర్ గానీ సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) గానీ మార్చి ఉంటే అనుమానం మొదట దాని మీదే పెట్టండి. లారీ ఆల్టర్నేటర్ మౌంటింగ్, పుల్లీ సరిపోయి చక్కగా కూర్చుంటుంది, ఛార్జింగూ ఇస్తుంది. కానీ దాని నెగటివ్ బాడీకే కలిసి ఉంటుంది. బోటుకు రెండు టెర్మినళ్ళూ బాడీతో సంబంధం లేని రకం కావాలి. దొరకలేదని మామూలుది బిగించి దీపం తీసేయడం పరిష్కారం కాదు.

సెల్ఫ్ టక్‌మంటుంది, ఇంజన్ తిరగదు

ఇంజన్ స్టార్టింగ్‌కు ఒక బ్యాటరీ సెట్టు, దీపాలకూ రేడియోకూ మరొకటి వేరుగా ఉంటాయి. ఛార్జై కాసేపు ఊరికే ఉన్న సెట్టు 25.4 వోల్టులకు తగ్గకూడదు. సెల్ఫ్ కొడుతూ మీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గరే 19 కంటే దిగితే బ్యాటరీ పని అయిపోయింది. అక్కడ బాగానే ఉండి సెల్ఫ్ దగ్గర పడిపోతే లగ్గులు (కేబుల్ చివర బిగించే టెర్మినళ్ళు), మెయిన్ స్విచ్, కేబుల్ చూడాలి. ఒక్కో జాయింటుకు రెండు పక్కలా కొలిస్తే దొంగ దొరుకుతాడు. నెగటివ్ కేబుల్‌నూ కొలవండి, ఇక్కడ దానికి బదులు పనిచేసే ఛాసిస్ లేదు. రెండు సెట్లనూ కలిపే అత్యవసర స్విచ్ ఉంటే దానితో ఇంజన్ లేపి బయటపడొచ్చు, తర్వాత మళ్ళీ విడదీయాలి.

రేడియోలో వినపడుతుంది, మాట్లాడితే కట్ అవుతుంది

25 వాట్ల వీహెచ్ఎఫ్ సెట్టు వినేటప్పుడు ఏమీ తినదు. మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. సన్నటి తీగలో వోల్టేజీ అప్పుడే పడిపోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 8 మీటర్ల దూరం వెళ్తే, పోనూ రానూ 16 మీటర్లు. 10 ఆంపియర్లకు సుమారు 1.1 వోల్టు దానిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు కూడా పోదు.

సెట్టు 12 వోల్టులదైతే లారీలో పాటల సెట్టుకు చేసినట్టు రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగొద్దు. ఒక బ్యాటరీ ఎండుతుంది, ఇంకోటి ఉడుకుతుంది. రెండింట్లో ఒకదానికే మాటిమాటికీ డిస్టిల్డ్ వాటర్ పోయాల్సొస్తోందంటే ఎవరో ఆ పని చేసే ఉంటారు. 24 నుంచి 12కు కన్వర్టర్ పెట్టండి.

రెండు బ్యాటరీలూ సమానంగా నీళ్ళు తాగుతుంటే అది ఎండ సంగతి. ఛార్జర్ మీది 28.8 వోల్టులు 25 డిగ్రీలకు లెక్క. రోహిణి కార్తెలో మూసిన ఇంజన్ గదిలో 45 డిగ్రీలు దాటితే సుమారు ఒక వోల్టు తగ్గించాలి. ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న ఛార్జర్ అయితే ఆ తలనొప్పి లేదు.

బిల్జ్ పంపు ఆటోలో తిరగడం లేదు

బిల్జ్ పంపు అంటే బోటు అడుగున చేరే నీళ్ళను తోడేది. మాన్యువల్‌లో తిరిగితే పంపు మంచిదే, ఫ్లోట్ స్విచ్ (నీళ్ళు పెరిగితే తేలి పంపును దానంతట అదే నడిపేది) ఇరుక్కుంది. కృష్ణలో తిరిగే బోటుకైతే గుర్రపుడెక్క వేళ్ళే ఎక్కువగా కారణం. ఈ పంపు తీగ మెయిన్ స్విచ్‌కు ముందు నుంచి, సొంత ఫ్యూజుతో వస్తుంది. వైరింగ్ అందంగా ఉండాలని దాన్ని మెయిన్ స్విచ్ తర్వాతకు మార్చారో, అంతా ఆఫ్ చేసి ఇంటికెళ్ళిన రాత్రి బోటు ఘాట్ దగ్గరే మునుగుతుంది. జాయింట్లు నీటి మట్టానికి పైన, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టంతో (వేడికి ముడుచుకుని బిగిసేది) వేయండి.

ఒడ్డు కరెంటు పెట్టగానే రెయిలింగ్ జిల్లుమంటుంది

ప్లగ్ దగ్గర చెయ్యి పెట్టకుండా ఒడ్డు మీది మెయిన్ ఆపండి, నీళ్ళలో ఎవరున్నా పైకి రమ్మనండి. ఉప్పు నీటికంటే మంచినీటిలో ఈ లీకేజీ ఎక్కువ ప్రమాదం. కృష్ణ నీటికంటే మనిషి ఒంట్లోంచే కరెంటు తేలిగ్గా పోతుంది. ఛార్జర్‌లో లీకేజీ, ఒడ్డు మీద తెగిన ఎర్త్ ముందు చూడాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) లేకపోతే పెట్టండి, ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఒడ్డు లైనుకూ బోటుకూ తీగ సంబంధం లేకుండా కరెంటు ఇచ్చేది) ఉంటే ఒడ్డు ఎర్త్ ద్వారా పక్క బోట్ల తుప్పు మన బోటుకు అంటుకోదు. అలాగే బ్యారేజీకి ఎగువన కట్టేసే బోటుకు జింక్ ఆనోడ్లు (బోటు లోహానికి బదులు తాము తుప్పు పట్టే దిమ్మెలు) ఉంటే మార్చండి, మంచినీటిలో వాటి మీద పొర కట్టి పనిచేయవు. అక్కడే ఉండే బోటుకు మెగ్నీషియం, సముద్రంలోకీ వెళ్ళే బోటుకు అల్యూమినియం ఆనోడ్లు వేయాలి.