ఔట్‌బోర్డు ఇంజిన్ పాఠాలు – 4: గిన్నెలో మిగిలిపోయే రెండు చెంచాలు

పోయిన పాఠంలో బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజిన్‌కి కార్బరేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపే భాగం, విప్పి కడగడం చెప్పాను. చాలామంది ధైర్యం చేసి విప్పారు, సంతోషం. కానీ కడిగాక ఇంజిన్ ఇంకా మొండికేసిందని వరుసగా ఫోన్లు వచ్చాయి. అందుకని ఇవాళ్టి ఫ్యూయల్ పంపు పాఠం ఆపేశాను. ముందు ఈ సంగతి తేలాలి.

ఒడిశాలో సోనాపూర్ వైపు తమ్ముడొకడు చెప్పినదే ఎక్కువమంది బాధ. “అన్నా, ఫుల్ స్పీడులో బాగానే లాగుతోంది. స్లోలో పెడితే చచ్చిపోతోంది.” మెయిన్ జెట్, అంటే ఫుల్ స్పీడులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క, శుభ్రంగా ఉందని ఫోటో కూడా పంపాడు. తప్పు నాది కూడా. స్లో జెట్ విడిగా విప్పాలని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. ఇంజిన్ స్లోలో తిరిగేటప్పుడు పెట్రోలు వచ్చేది ఆ చిన్న జెట్ లోంచే. దాని రంధ్రం చాలా ఇంజిన్లలో అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. కొన్ని మోడళ్ళలో రబ్బరు బిరడా కింద దాక్కుని ఉంటుంది, బిరడా తీస్తే గానీ కనబడదు. విప్పి ఎండకేసి పట్టుకోండి. గుండ్రంగా, అంచు చెదరకుండా వెలుతురు కనబడాలి. సగం చందమామలా కనబడితే ఇంకా జిగురు ఉన్నట్టే.

పిన్నీసు, సూది పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్ స్ప్రేలో నానబెట్టి, గాలి కొట్టి, అప్పటికీ రాకపోతే నేను వలలోంచి సన్నటి నైలాన్ పోగు తెంచి దూర్చుతాను. మన ఇళ్ళలో దానికి కొదవ లేదు. స్ప్రేలో రబ్బరు రింగులు వేయకండి, ఉబ్బిపోతాయి.

రంభలో చిలికా సరస్సు మీద బోటు నడిపే బావగారిది వేరే గొడవ. కార్బరేటర్ లోంచి పెట్రోలు పొంగిపోతోందట. కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె నిండగానే దారి మూసే నీడిల్ కూర్చునే చోట ఇసుక రేణువు ఇరుక్కుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగాను: ఇంజిన్ పక్కన పెట్టేముందు గిన్నె ఖాళీ చేశారా? అందరూ ఒకే మాట చెప్పారు. “చేశాం అన్నా, ట్యాంకు నుంచి వచ్చే పైపు పీకేసి, ఇంజిన్ తనంతట తను ఆగేదాకా నడిపాం.”

అది ఖాళీ చేయడం కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కార్బరేటర్లలో సగం ఇలా పాడైనవే. జెట్ గిన్నె అడుగుకి ఆనుకుని ఉండదు, కొంచెం పైన ఉంటుంది. పెట్రోలు మట్టం దానికంటే దిగగానే జెట్ గాలి పీలుస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. కింద ఒకటి రెండు చెంచాల పెట్రోలు అలాగే ఉంటుంది. మీరు అయిపోయిందనుకుని టార్పాలిన్ కప్పేస్తారు. లోపల తేలికగా ఎగిరిపోయేదంతా ముందు ఎగిరిపోతుంది. మిగిలేది జిగురు, ఆయిల్, ఉప్పు గాలి తెచ్చిన తడి. పాకం అడుగంటినట్టు అంటుకుంటుంది. మళ్ళీ కొత్త పెట్రోలు పోయగానే ఆ పెచ్చు ఊడి నేరుగా జెట్ లోకే వెళ్తుంది.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉండేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. తాబేళ్ళని కాపాడడానికి నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగకు 20 కిలోమీటర్ల మేర వేట లేదు. ఏడు నెలలు! అన్నాళ్ళు ఆ రెండు చెంచాలు లోపల ఉంటే ఏమవుతుందో చూడాలంటే జూన్‌లో నా షెడ్డుకి రండి.

చేయాల్సింది చిన్న పని. గిన్నె కిందనో పక్కనో ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక తెల్లటి ప్లాస్టిక్ గ్లాసు కింద పట్టుకుని ఆ స్క్రూ వదులు చేయండి. మొదట రంగు పెట్రోలు వస్తుంది. తర్వాత గ్లాసు అడుగున నీళ్ళ చుక్కలు కనబడితే, గ్లాసు వంచండి. తామరాకు మీద నీళ్ళలా పెట్రోలు కింద దొర్లుతాయి. చుక్క కనబడిందంటే ట్యాంకులో ఇంకా నీళ్ళు ఉండొచ్చని అర్థం. ఆ పెట్రోలు ఇసుకలో పారబోయకండి, సీసాలో పట్టండి. ఇంకో మాట, పైపు పీకి నడపడమైనా సరే, నీళ్ళు అందకుండా ఒడ్డు మీద నడిపితే ఇంజిన్ చల్లబరిచే నీళ్ళు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, మాడిపోతుంది.

ట్యాంకు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తడిని లాగుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ పెట్రోలుని వదిలి నీళ్ళతో కలిసి అడుగుకి దిగుతుంది. ట్యాంకు పైపు పీల్చేది అడుగు నుంచే. మన టూ స్ట్రోకు ఇంజిన్లకి ఆయిల్ పెట్రోల్లోనే కలుపుతాం కదా, ఆ ఆయిల్ పై పెట్రోల్లో ఉండిపోతుంది. అడుగు నీళ్ళలో ఉండదు. పిస్టన్‌కి ఆయిల్ అందదు. సముద్రం మధ్యలో ఇది జరిగితే ఎంత టెన్షనో మీకు తెలుసు. అందుకే నేను కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచను. వేట ఆగేముందు మిగిలినది, బోటు నడుస్తున్న పక్కింటివాళ్ళకి ఇచ్చేస్తాను.

కిరసనాయిలు మీద నడిపేవాళ్ళు ఒడ్డుకి వచ్చేముందు కొన్ని నిమిషాలు పెట్రోలుకి మార్చండి. కిరసనాయిలు గిన్నెలో ఉంటే మర్నాడు స్టార్ట్ కాదు.

స్లో స్క్రూ, అంటే స్లోలో పెట్రోలు గాలి పాళ్ళు సరిచేసే స్క్రూ, విప్పేటప్పుడు ముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, బోటు చెక్క మీద రాసుకోండి. ఇంజినుకో లెక్క ఉంటుంది.

వచ్చే పాఠంలోపు మీ పని. ట్యాంకు అడుగు నుంచి సీసాడు పెట్రోలు తీసి అరగంట కదపకుండా ఉంచండి. నీళ్ళకీ పెట్రోలుకీ మధ్యలో గీత కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. రెండోది, కళ్ళు మూసుకుని డ్రెయిన్ స్క్రూ వేళ్ళతో వెతకండి, విప్పండి, బిగించండి. రోజూ పదిసార్లు, వారం రోజులు. రాత్రి వేటలో, బోటు ఊగుతుంటే, పెట్రోలు దగ్గర అగ్గిపుల్ల వెలిగించకుండా మీరు చేయాల్సింది అదే.