పెరుగు తోడుకునే లెక్క, 4వ భాగం: స్టెప్ ఎంత పెట్టాల?

పోయిన భాగంలో మాత్ర మింగినాక రక్తంలో మందు ఎట్ల తగ్గుతుందో చూసినాం కదా, ఉన్నదాన్ని బట్టి తగ్గడం, అంతే. ఈసారి పెరిగేది చూద్దాం, పెరుగే.

పాలల్లో తోడు (మా అవ్వ చేమిరి అనేది) వేస్తే అందులోని బాక్టీరియా లాక్టోజ్ (పాలల్లోని చక్కెర) తిని లాక్టిక్ ఆసిడ్ చేస్తాయి, పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ (పాలల్లోని ప్రోటీన్) గడ్డకడుతుంది. ఆ పులుపే చివరికి బాక్టీరియాకి కూడా అడ్డం పడుతుంది, కాబట్టి ఉన్నవాటిని బట్టి పెరుగుతానే ఉంటాయని రాసేస్తే తెల్లారేసరికి గిన్నె చాలదు. 1838లో బెల్జియం ఆయన వెర్‌హుల్స్ట్ జనాభా కోసం రాసిన సమీకరణం ఇక్కడికీ పనికొస్తుంది:

గంటకి పెరుగుదల = ర × న × (1 − న/క)

న అంటే ఇప్పుడున్నవి, క అంటే గరిష్ఠం, ర అంటే వేగం. అనంతపురంలో మే నెలలో రాత్రి తోడేస్తే పొద్దునకి పుల్లగా అయిపోయి నోట్లో పెట్టలేం, జనవరిలో గిన్నెకి దుప్పటి చుట్టాల, సమీకరణం అదే, ర వేరు.

ఎక్సెల్ తెరవండి. ర = 1, క = 1000, మొదట న = 10 అనుకోండి (లెక్క సులువుకి పెట్టుకున్న అంకెలే). స్టెప్ అంటే ఒక్కో వరసకి ఎన్ని గంటలు ముందుకి దూకుతామో అది; కొత్త న = పాత న + స్టెప్ × గంటకి పెరుగుదల. స్టెప్ 1 గంట పెడితే 10, 19.9, 39.4, 77, 149, 275, 474, 724, 924, 994 అని వస్తుంది. చూడండి, సగానికి దగ్గరగా 474 ఉన్నప్పుడే పెరుగుదల ఎక్కువ, గంటలో దాదాపు 250, ఆ తర్వాత నెమ్మదిస్తుంది.

నేను మొదట బద్ధకంతో స్టెప్ 3 గంటలు పెట్టినా. 10, 39.7, 154, 545 దాకా బాగానే ఉంది, ఆ తర్వాత 1289, దాని తర్వాత 172! పెరుగు మళ్ళీ పాలైపోయినట్టు. మోడల్ తప్పనుకుని ఒక పూటంతా ర, క మార్చుకుంటా కూర్చున్నా, తీరా చూస్తే తప్పంతా స్టెప్‌దే. 545 దగ్గర ఉన్న పెరుగుదలనే మూడు గంటలూ అట్లే పట్టుకుని పోయింది, మధ్యలో పెరుగుదల తగ్గిందని దానికి తెలీదు పాపం.

ఈ సమీకరణానికి ర × స్టెప్ 2 దాటితే అంకెలు 1000 దగ్గర కుదురుకోవు, 1 కంటే తక్కువ ఉంచుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇంటిపని: స్టెప్ 2 పెట్టి పది వరసలు లాగండి, 1000కి అటూ ఇటూ ఊగుతుంది, ఆ తర్వాత 0.5 పెట్టి రెండు గ్రాఫులూ పక్కపక్కన గీయండి. 5వ భాగంలో పాలల్లో లాక్టోజ్‌కి కూడా ఒక కాలమ్ పెడదాం.