ఆన్‌లైన్ బ్యాలెట్‌లో ఒక్క పదవికే ఓట్లు తగ్గాయా? సర్వర్‌ని కాదు, ముందు స్క్రీన్‌ని చూడండి

అపార్ట్‌మెంట్ సంఘాలు, ఉద్యోగ సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు... ఇప్పుడు చాలాచోట్ల ఎన్నికలు ఫోన్‌లోనే జరిగిపోతున్నాయి. ఫలితాల మీద గొడవ మొదలవగానే అందరూ సర్వర్ లాగ్‌లు అడుగుతారు, తర్వాత ఓటీపీలను అనుమానిస్తారు. బ్యాలెట్‌ని తెరిచి చూసేవాళ్లు మాత్రం కనిపించరు. ఫిర్యాదు ఏదైనా సరే, మొదట చేయాల్సింది ఒకటే. అసలు అభ్యర్థుల పేర్లున్న తుది బ్యాలెట్‌ని మామూలు ధర ఫోన్‌లో తెరిచి, అక్షరాల సైజు పెద్దది చేసి, మొదటి నుంచి చివరి దాకా ఓటు వేసి చూడండి. ‘అభ్యర్థి 1, అభ్యర్థి 2’ అని పెట్టి ఆఫీసు మానిటర్ మీద చూపించిన డెమో లెక్కలోకి రాదు.

లాగిన్ అయినవాళ్లు ఎక్కువ, పడిన ఓట్లు తక్కువ

ఓటు వేశామనుకుని మధ్యలోనే వెళ్లిపోయారు. మన ఓటరుకు ఈవీఎం అలవాటు: బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, బీప్ వినిపిస్తుంది, పని అయిపోతుంది. ఫోన్‌లో తాను ఎంచుకున్న పేర్లన్నీ ఒకే పేజీలో కనిపించేసరికి అదే రసీదు అనుకుని మూసేస్తాడు.

ఆ పేజీ పైన పెద్ద అక్షరాలతో ‘మీ ఓటు ఇంకా పడలేదు’ అని రాయండి. బటన్ మీద ‘కొనసాగించు’, ‘సమర్పించు’ లాంటి మాటలు వద్దు, ‘ఓటు వేయండి’ అని ఉండాలి. కిందకి జరిపితేగానీ కనిపించని చోట పెట్టకుండా, స్క్రీన్ అడుగున కదలకుండా ఉంచండి. ఓటు పడ్డాక వచ్చే పేజీ రంగుతో సహా పూర్తిగా వేరుగా ఉండాలి.

జాబితా చివర ఉన్నవాళ్లకు అనుమానం వచ్చేంత తక్కువ ఓట్లు

వాళ్లు ఓటరుకు కనిపించలేదు. లాస్ ఏంజిలిస్ కౌంటీ 2020లో కొత్త ఓటింగ్ యంత్రాలు తెచ్చినప్పుడు ఒక స్క్రీన్‌లో నలుగురు అభ్యర్థులే పట్టేవారు. మిగతావారి కోసం ‘మోర్’ బటన్ నొక్కాలి. పక్కనే తర్వాతి పోటీకి తీసుకెళ్లే బటన్ కూడా ఉంది. బెవర్లీ హిల్స్ నగరం దీని మీద కోర్టుకే వెళ్లింది.

నిజామాబాద్‌లో 2019 లోక్‌సభ ఎన్నికలకు 185 మంది పోటీ చేస్తే 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టారు. ఓటరుకు వెతుక్కోవడం కష్టమే, కానీ ఏ పేరూ బటన్ వెనక దాక్కోలేదు. మీరూ ఒక పదవి అభ్యర్థులందరినీ ఒకే జాబితాలో పెట్టండి. స్క్రీన్ అంచు దగ్గర తర్వాతి పేరు సగం కనిపించేలా అమర్చితే కింద ఇంకా ఉన్నారని అర్థమవుతుంది.

ఒక్క పదవికే విపరీతంగా ఖాళీ ఓట్లు

అధ్యక్షుడికి అందరూ ఓటు వేశారు, కార్యవర్గ సభ్యులకూ వేశారు. మధ్యలో ఉపాధ్యక్ష పదవిని మాత్రం చాలామంది వదిలేశారు. సంఘంలో మొదట వినిపించే మాట ‘ఇద్దరూ నచ్చక వదిలేసి ఉంటారు’. రెండోది ‘ఓట్లు మాయం చేశారు’. ఈ రెండింటినీ పక్కన పెట్టి, ఆ పదవి ఏ స్క్రీన్ మీద ఉందో, దాని పక్కన ఇంకేముందో చూడండి. లెక్కింపు సరిగ్గా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఉంటుంది, అయినా ఫలితం తప్పుతుంది. అందుకే ఇది అంత తేలిగ్గా దొరకదు.

ఫ్లోరిడాలోని సరసోటా కౌంటీలో 2006 నవంబరులో జరిగింది ఇదే. 13వ కాంగ్రెస్ స్థానానికి (అమెరికా పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు) గెలుపు తేడా 369 ఓట్లు. టచ్‌స్క్రీన్ యంత్రాల మీద ఓటు వేసినవారిలో సుమారు 18,000 మంది ఆ పోటీని ఖాళీగా వదిలేశారు. అదే కౌంటీలో పోస్టులో వచ్చిన కాగితం బ్యాలెట్లలో ఖాళీల శాతం అందులో చిన్న వంతే. కాబట్టి అభ్యర్థులు నచ్చలేదన్న వాదన నిలవదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఆ యంత్రాలను పరీక్షించి, 2008లో వాటిలో లోపం కనిపించలేదని తేల్చింది.

స్క్రీన్ చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటి స్క్రీన్‌లో సెనేట్ పోటీ ఒక్కటే, నిండుగా ఉంది. రెండో స్క్రీన్‌లో పైన ఇద్దరు అభ్యర్థులతో కాంగ్రెస్ పోటీ, దాని కింద రంగు పట్టీతో శీర్షిక, ఆ కింద గవర్నర్ పోటీ పొడవాటి జాబితా. స్క్రీన్‌కు ఒక పోటీ అని మొదటి పేజీ ఓటరుకు నేర్పింది. రెండో పేజీలో కన్ను నేరుగా రంగు పట్టీ మీదకి వెళ్లింది. గవర్నర్‌కు వేశారు, ‘నెక్స్ట్’ నొక్కారు. పక్కనే ఉన్న షార్లెట్ కౌంటీలో అటార్నీ జనరల్ పోటీని గవర్నర్ పోటీతో ఒకే స్క్రీన్‌లో పెడితే అక్కడ అటార్నీ జనరల్‌కు ఖాళీలు పెరిగాయి. సరసోటాలో అటార్నీ జనరల్ పోటీకి ఆ సమస్య రాలేదు.

మన సంఘాల బ్యాలెట్లు అచ్చం ఇలాగే తయారవుతున్నాయి. అధ్యక్ష పదవికి ఫొటోలతో ఒక పేజీ, తర్వాతి పేజీలో ఉపాధ్యక్షుడికి ఇద్దరు, కింద రంగు పట్టీ వేసి కార్యవర్గ సభ్యుల పెద్ద జాబితా. పైగా ఫోన్‌లో మరో చిక్కుంది. మీ కంప్యూటర్‌లో విడివిడిగా కనిపించే రెండు పదవులు ఓటరు ఫోన్‌లో ఒకే చూపులో కలిసిపోవచ్చు. ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా పడుతుంది కాబట్టి ఒక్క ఫోన్‌లో చూసి సరేననుకోవద్దు.

‘చివర్లో సరిచూసుకునే పేజీ ఉంది కదా’ అంటారు. సరసోటా యంత్రాల్లోనూ ఉంది. రైస్ విశ్వవిద్యాలయంలో 2007లో చేసిన పరిశోధనలో ఆ పేజీ మీద ఎంపికలను కావాలనే మార్చి చూపిస్తే, పాల్గొన్నవారిలో 60 శాతానికి పైగా గమనించలేదు. ఆ పేజీని ఉంచండి, కానీ దాని మీద భారం వేయకండి.

పరిష్కారం ఖర్చుతో కూడింది కాదు. అభ్యర్థులు ఇద్దరే ఉన్నా సరే, ఒక్కో పదవికి ఒక్కో స్క్రీన్. పదవుల శీర్షికలన్నీ ఒకే రంగు, ఒకే సైజు, ఒకే చోట. పైన ‘5 పదవుల్లో 2వది’ అని కనపడాలి. ఎవరినీ ఎంచుకోకుండా ముందుకు వెళ్తుంటే అక్కడే అడగండి: ‘ఈ పదవికి ఎవరినీ ఎంచుకోలేదు. ఖాళీగా వదిలేయాలా?’ ప్రతి పదవికీ నోటా కూడా పెట్టండి. 2013 నుంచి మన ఓటర్లకు అది తెలుసు. నోటా ఉంటే నచ్చక వదిలేసినవాళ్లు దాన్ని నొక్కుతారు. అప్పుడు మిగిలిన ఖాళీల్లో ఎక్కువ భాగం స్క్రీన్ తప్పే అని ధైర్యంగా చెప్పొచ్చు.

‘నేను వేసింది ఆయనకి కాదు’

పేరు తెగిపోయి ఉంటుంది. తెలుగు పేర్లు పొడవు, ఇంటిపేరు ముందుంటుంది. బటన్‌లో పట్టక చివర చుక్కలు పడితే ఒకే ఇంటిపేరున్న ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు సరిపడా పెడితే వత్తులు కింద తెగిపోతాయి. పేరు రెండు వరుసల్లో పడినా పరవాలేదు, కుదించొద్దు. ఫొటో పెట్టండి. ఒకే పేరున్నవాళ్లతో తికమక పడకూడదనే 2015 నుంచి ఈవీఎంల మీద ఫొటోలు వస్తున్నాయి. గుర్తులు వాడితే చిన్న సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణలో కారు, రోడ్డు రోలర్ గుర్తుల మీద ఎంత రగడ జరిగిందో తెలిసిందే.

ముగ్గురిని ఎన్నుకోవాల్సిన చోట ఒక్కరికే ఓటు

‘ముగ్గురి దాకా ఎంచుకోవచ్చు, ఇప్పటికి ఒకరిని ఎంచుకున్నారు’ అని లెక్క చూపించండి. నాలుగో పేరు నొక్కితే మొదటిదాన్ని చెప్పకుండా తీసేయొద్దు, ఎవరిని తీయాలో ఓటరునే అడగండి.

టచ్ సరిగా పనిచేయకపోవడం, బ్రౌజర్ పాతదవడం, సర్వర్ గడియారం తప్పడం... ఇవీ జరుగుతాయి, అరుదుగా. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

పరీక్ష

మాక్ పోల్ చేశాం అంటారు. ఈవీఎం ఎన్నికల్లో పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూసే మాక్ పోల్ లెక్క సరిగ్గా వస్తోందా అని చూస్తుంది. ఓటరుకు స్క్రీన్ అర్థమైందా అన్నది వేరే పరీక్ష. దానికి కమిటీ సభ్యులు పనికిరారు, వాళ్లకు బ్యాలెట్ ముందే తెలుసు.

అరవై దాటినవాళ్లు, ఫోన్ తక్కువ వాడేవాళ్లు ఓ అయిదారుగురిని పిలవండి. ఎవరికి ఓటు వేయాలో చీటీ రాసివ్వండి, అందులో ఒక పదవిని ఖాళీగా వదిలేయమనండి, ఇంకోచోట వేసిన ఓటు మార్చమనండి. వాళ్ల ఫోన్‌లోనే వేయించండి. తడబడుతుంటే మనసు ఆగదు, అయినా వేలు పెట్టి చూపించకండి. పడిన ఓటును చీటీతో పోల్చండి. ఇద్దరు ఒకేచోట తప్పితే ‘జాగ్రత్తగా చదవండి’ అని ఇంకో వాక్యం చేర్చి సరిపెట్టొద్దు, స్క్రీన్‌నే మార్చండి. మార్చాక కొత్తవాళ్లతో మళ్లీ వేయించండి. ఆ తర్వాత ఎవరు అడిగినా, చిన్న రంగు మార్పయినా సరే, బ్యాలెట్‌ని ముట్టుకోవద్దు.