జాజ్ కోసం డబుల్ బేస్ కొంటున్నారా? ముందు తట్టి చూడండి

న్యూజెర్సీలో నా మొదటి డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో ఉండి, నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం) కొన్నది జనవరి చలిలో, రంగు చూసి మోజుపడి. తేనె రంగు వార్నిష్, గట్టి స్ప్రూస్ కలపను చెక్కి చేసిన పైపలక. షాపులో కమానుతో ఒక్క స్వరం లాగితే గదంతా నిండిపోయింది. నెల తిరక్కుండానే పైపలక మీద, బ్రిడ్జి (తీగలను ఎత్తిపట్టే చెక్క) కాలి కింద, చీలిక బయటపడింది. రిపేరు ఖర్చు విన్నాక రెండు రాత్రులు నిద్ర లేదు.

జాజ్‌లో ఎక్కువసేపు వేళ్లతోనే మీటుతాం. అందుకే షాపులో కమాను చేతికిచ్చినా పక్కన పెట్టేయండి. ఎఫ్ శ్రుతిలో ఒక బ్లూస్ పాట పట్టుకుని, బారుకు (నాలుగు దెబ్బల ఆవృత్తానికి) నాలుగు స్వరాల చొప్పున నిదానంగా వాయించండి. తర్వాత అన్నిటికన్నా లావైన E తీగ మీద ఒక్కో స్వరం మీటుతూ పైకి వెళ్లండి. మధ్యలో ఏదైనా స్వరం టక్కున ఆగిపోతే దాన్ని రోజూ భరించాల్సింది మీరే. వెంట ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లి, పదడుగుల దూరంలో నిలబెట్టి అతనితోనూ వాయించి చూడండి. బేస్ వెనక నిలబడి వినేదీ, ముందు కూర్చున్నవాళ్లు వినేదీ ఒకటి కాదు.

ఇక సంతలో కుండ కొన్నట్టు తట్టండి. వేలి కణుపుతో అంచుల చుట్టూ తట్టుకుంటూ పోతే, జిగురు విడిచిన చోట చప్పుడు గరగరమంటుంది. దానికి కంగారు అక్కర్లేదు. చెక్క కుంచించుకుపోయినప్పుడు పగలకుండా అతుకే విడాలని ఆ జిగురును కాస్త బలహీనంగానే పెడతారు. మళ్లీ అతికిస్తే సరి. భయపడాల్సింది సౌండ్ పోస్ట్ చీలికకు. పైపలక మీది f ఆకారపు రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేస్తే, లోపల నిలబెట్టిన ఆ సౌండ్ పోస్ట్ కర్ర కనిపిస్తుంది. దాని పైనగానీ కిందగానీ పలకలో నిలువు గీత ఉంటే బేరం కూడా ఆడకండి, వచ్చేయండి. నేను చేయని పని అదే.

సైజు దగ్గర చాలామంది తికమకపడతారు. 3/4 అంటే పిల్లలది కాదు. పెద్దవాళ్లలో ఎక్కువమంది వాయించేది అదే. తీగ పొడవు 41–42 అంగుళాలు ఉంటే హాయి.

ప్లైవుడ్ అంటే మొహం చిట్లించకండి. షికాగోలో కే (Kay) అనే కంపెనీ చేసిన పాత ప్లైవుడ్ బేస్‌లతో ఎందరో జాజ్ వాయించారు. ఎండాకాలం, హీటర్ల కాలం రెంటికీ అది చెక్కిన బేస్ కన్నా బాగా తట్టుకుంటుంది. మొదటి బేస్‌కు నా ఓటు దానికే. మిగిలిన డబ్బు సెటప్‌కు, అంటే తీగల ఎత్తు వగైరా సరిచేయించడానికి, పెట్టండి. ఫింగర్‌బోర్డ్ (తీగలను వేళ్లతో నొక్కే పలక) చివర స్కేలు పెట్టి తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే, ఉక్కు తీగలకు అన్నిటికన్నా సన్నని G తీగ దగ్గర 5–6 మిల్లీమీటర్లు, E తీగ దగ్గర 8–10 ఉంటే వేళ్లు బొబ్బలెక్కవు. బ్రిడ్జికి ఎత్తు మార్చే అడ్జస్టర్లు ఉంటే మరీ మంచిది. ఫింగర్‌బోర్డ్ ఎబొనీ (గట్టి నల్ల కలప)దేనా, నల్లరంగు పూసిన మామూలు చెక్కా అనేది పక్క అంచు చూస్తే తెలిసిపోతుంది.

తీగలు చూసి మోసపోవద్దు. పాతవి డబడబమంటాయి, కొత్త స్పైరోకోర్ (ఒక రకం ఉక్కు తీగలు) వేస్తే అదే బేస్ గంటలా మోగుతుంది. 1950లలోని ఆ పొట్టి, బొద్దు శబ్దమే కావాలంటే పేగు తీగలు. అవి ఖరీదు, పైగా తేమకు శ్రుతి జారతాయి.

చివరగా, కారు. మా సివిక్‌లో ముందు సీటు పూర్తిగా వాల్చితేనే బేస్ పట్టింది. దాంతో ఆ రోజు మా ఆవిడ బస్సెక్కి ఇంటికొచ్చింది. ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను.